రెండున్నర సెకన్లలో పట్టిన ఫంక్: హిప్ హాప్ శాంపిళ్ల లోపలి లెక్కలు

ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందం 1969 నవంబరు 20న అమెరికాలోని సిన్సినాటిలో, కింగ్ స్టూడియోలో 'ఫంకీ డ్రమ్మర్' రికార్డు చేసింది. మరుసటి ఏడాది మార్చిలో అది రెండు భాగాల సింగిల్‌గా వచ్చింది, ఓ మోస్తరుగా అమ్ముడైంది, తర్వాత మరుగున పడింది. పాట చివరి భాగంలో బ్రౌన్ మిగతా వాద్యాలన్నిటినీ ఆపించి, డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌ను ఒక్కడినే వాయించమంటాడు. ఎనిమిది బార్లు (నాలుగేసి బీట్ల ఆవర్తనాలు), సుమారు 20 సెకన్లు. 1980ల చివరికొచ్చేసరికి న్యూయార్క్ ర్యాప్ రికార్డుల్లో ఎటు తిరిగినా ఆ దరువే వినిపించేది. పాత రికార్డులోంచి ఇలా కోసి తెచ్చుకున్న ముక్కనే శాంపిల్ అంటారు.

నచ్చడం ఒక్కటే కారణమైతే అదే కాలంలో అంతకన్నా బాగా అమ్ముడైన మోటౌన్ సంస్థ పాటలకీ అంతే గిరాకీ ఉండాలి. లేదు. ఫంక్ రికార్డు కట్టిన తీరులోనే కోసుకోవడానికి వీలుంది. ఎంత ముక్క కోయాలో మొదట ఆ ముక్కలు పట్టే యంత్రాల, అంటే శాంప్లర్ల, మెమరీ నిర్ణయించింది, ఆ తర్వాత కోర్టులు నిర్ణయించాయి. ముక్క వాయించినవాడికి ఏం దక్కాలో మాత్రం ఎవరూ నిర్ణయించలేదు.

కోతకు లొంగే పాట

1967లో వచ్చిన 'కోల్డ్ స్వెట్' నుంచి బ్రౌన్ పాటల్లో స్వరాల మార్పు దాదాపు ఆగిపోతుంది. ఒకే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద, ఒకే గతిలో నిమిషాల తరబడి సాగుతుంది. గిటారు, బేస్, బాకాలు అన్నీ తలా ఒక చిన్న లయ ముక్క పట్టుకుని తిప్పుతుంటాయి. అందరూ వచ్చి కలిసేది బార్‌లోని మొదటి దెబ్బ మీద, మన లెక్కలో సమం మీద. ఇందువల్ల ఒక సౌలభ్యం ఉంది. మామూలు పాటలో నాలుగు బార్లు కోసి మళ్లీ మళ్లీ తిప్పితే, స్వరం ఎక్కడికో వెళ్లబోయి వెళ్లలేక వెనక్కి వచ్చినట్టు చెవికి తెలుస్తుంది. ఫంక్‌లో వెళ్లాల్సిన చోటే లేదు కాబట్టి ఒక బార్ కోసినా, ఎనిమిది కోసినా అతుకు కనబడదు.

రెండోది, డ్రమ్ ఒంటరిగా దొరకడం. కచేరీలో తని ఆవర్తనం మొదలవగానే పాట, వయొలిన్ తప్పుకుని మృదంగానికి చోటిచ్చినట్టు, ఫంక్‌లో బ్రేక్, అంటే డ్రమ్ ఒంటరిగా మోగే చోటు, రాగానే మిగతావాళ్లు వాయించడం ఆపేస్తారు. ఆ ఖాళీలో ఎవరి గొంతైనా పెట్టుకోవచ్చు. బేస్ గానీ గిటారు గానీ కలిసి ఉంటే, దాని మీద వేసే ప్రతి స్వరం ఆ శ్రుతికి లోబడాలి. ఒట్టి డ్రమ్‌కు ఆ బాధ లేదు.

అంతగా పట్టించుకోని మూడో సంగతి స్టూడియో ధ్వని. ఆ రికార్డుల్లో డ్రమ్ పొడిగా ఉంటుంది, గది ప్రతిధ్వని తక్కువ. ప్రతిధ్వని తోక పొడుగ్గా ఉన్న స్నేర్‌ను (చురుగ్గా మోగే చిన్న డ్రమ్‌ను) కోస్తే ఆ తోక మధ్యలో తెగుతుంది, లూప్, అంటే మళ్లీ మళ్లీ తిప్పే ముక్క, తిరిగిన ప్రతిసారీ ఆ తెగిన చోటు పట్టిస్తుంది. పొడి స్నేర్ తన దెబ్బ తాను కొట్టి ఆగిపోతుంది.

వేగం కూడా కలిసొచ్చింది. 'ఫంకీ డ్రమ్మర్' నిమిషానికి సుమారు 101 బీట్లు (బీపీఎం). మాటలు నమలకుండా, ఊపిరి అందేలా ర్యాప్ చెప్పడానికి 90 నుంచి 110 మధ్య హాయిగా ఉంటుంది.

చేతులతో తిప్పిన లూప్

శాంప్లర్ రాకముందే లూప్ పుట్టింది. జమైకాలోని కింగ్‌స్టన్ నుంచి వచ్చి న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో స్థిరపడిన క్లైవ్ క్యాంప్‌బెల్, అంటే డీజే కూల్ హెర్క్, 1973 ఆగస్టు 11న సెడ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో జరిగిన పార్టీకి రికార్డులు తిప్పాడు. జనం బ్రేక్ కోసమే ఆగి ఎగురుతున్నారని గమనించి ఒకే రికార్డు రెండు కాపీలు కొని పెట్టుకున్నాడు. ఒకదానిలో బ్రేక్ అయిపోగానే రెండోదానిలో అదే బ్రేక్ మొదలు. ఇంక్రెడిబుల్ బాంగో బ్యాండ్ వారి 'అపాచీ' అలాగే బ్రాంక్స్ పార్టీలకు ఆయువుపట్టైంది. పక్క డీజేలు పేరు చదివి కొనుక్కోకుండా హెర్క్ రికార్డుల లేబుళ్లు నీళ్లలో నానబెట్టి ఊడదీసేవాడు.

హెర్క్ సూదిని కంటి అంచనాతో పెట్టేవాడు, అతుకు తాళం తప్పేది. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే మరో డీజే దానికి లెక్క కట్టాడు. రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసి, బ్రేక్ అయ్యాక ఎన్ని చుట్లు వెనక్కి తిప్పాలో లెక్కపెట్టేవాడు. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు, 45 వేగంలో 1.33 సెకన్లు. 101 బీపీఎం దగ్గర రెండు బార్లకు 4.75 సెకన్లు, అంటే 33⅓ రికార్డు మీద రెండు చుట్లు దాటి మూడింట రెండొంతులు. గీత ఏ దిక్కున ఉందో చూస్తే చాలు, వినకుండానే బ్రేక్ మొదలు దొరుకుతుంది. పళ్లెం తిరుగుతుండగానే రికార్డును వెనక్కి లాగాలి కాబట్టి రెంటి మధ్య పలచని ఫెల్టు గుడ్డ వేయాలి. రబ్బరు మ్యాట్ ఉంటే రికార్డుతో పాటు పళ్లెమూ ఆగిపోతుంది, మళ్లీ వేగం అందుకునేసరికి బీట్ దాటిపోతుంది.

ఈ పద్ధతికి ఒక ఖరీదు ఉంది. ఒకే చోట సూదిని వందల సార్లు ముందుకీ వెనక్కీ నడిపిస్తే గాడి అరిగి, బ్రేక్ మొదటి దెబ్బ ముందు బుసమని చప్పుడు వస్తుంది. డీజేల చేతులు మారిన పాత కాపీల్లో ఎక్కువగా చెడిపోయి ఉండేది పనికొచ్చే చోటే.

అరుదైన సింగిళ్ల వేట 1986లో కాస్త తేలికైంది. లెనీ రాబర్ట్స్, 'బ్రేక్‌బీట్ లూ' ఫ్లోరెస్ కలిసి 'అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్' పేరుతో బ్రేకులున్న పాటలను సంపుటాలుగా వేశారు. 1991 నాటికి 25 సంపుటాలు వచ్చాయి. అదే 1986లో పాలిడోర్ సంస్థ 'ఇన్ ద జంగిల్ గ్రూవ్' అనే బ్రౌన్ సంకలనం తెచ్చింది. అందులో 'ఫంకీ డ్రమ్మర్' పూర్తి నిడివి పాటతో పాటు, బ్రేక్‌ను మాత్రమే సాగదీసిన మూడు నిమిషాల కూర్పు కూడా ఉంది. అంతవరకు సింగిల్ కాపీ ఉన్నవాళ్ల సొత్తుగా ఉన్న దరువు, శాంప్లర్లు స్టూడియోలకు చేరుతున్న సరిగ్గా అదే సమయానికి దుకాణాల్లోకి వచ్చింది. ఆ తర్వాతి మూడేళ్లలో దాన్ని వాడని నిర్మాత (పాటకు సంగీతం కట్టేవాడు) అరుదు కావడానికి స్టబుల్‌ఫీల్డ్ ప్రతిభ ఎంత కారణమో, ఈ సంకలనం అంత కారణం.

పది సెకన్ల యంత్రం

ఈమ్యూ సంస్థ 1987లో తెచ్చిన ఎస్‌పీ-1200 శాంప్లర్ మొత్తం శాంప్లింగ్ సమయం 10 సెకన్లు. ఒక్కో ముక్క 2.5 సెకన్లు మించకూడదు. 12 బిట్లు, సెకనుకు 26,040 నమూనాలు. ఈ అంకెలను దరువు పక్కన పెట్టి చూస్తే ఆ కాలపు ర్యాప్ ఎందుకలా వినిపిస్తుందో సగం అర్థమవుతుంది. 101 బీపీఎం దగ్గర ఒక బీట్ 0.594 సెకను, నాలుగు బీట్ల బార్ 2.38 సెకన్లు. ఒక బార్ అంచులు తగిలీ తగలకుండా పడుతుంది. రెండో బార్‌కు చోటు లేదు.

దీనికి నిర్మాతలు ఒక ఉపాయం కనిపెట్టారు. 33⅓ రికార్డును 45లో తిప్పి శాంపిల్ చేయాలి. పాట 1.35 రెట్లు వేగంగా పోతుంది, 2.38 సెకన్ల బార్ 1.76 సెకన్లలో ఇముడుతుంది. తర్వాత యంత్రంలో శ్రుతి సుమారు 5.2 సెమీటోన్లు (స్వరస్థానాలు) దించితే వేగం, స్థాయి రెండూ మొదటికొస్తాయి. అంటే 10 సెకన్ల మెమరీ 13.5 సెకన్ల పని చేస్తుంది.

ధర ధ్వనిలో చెల్లించాలి. 26 కిలోహెర్ట్జ్ నమూనా రేటులో 13 కిలోహెర్ట్జ్ పైనున్న ధ్వని పట్టదు. వేగంగా తిప్పి పట్టినప్పుడు అసలు రికార్డులో సుమారు 9.6 కిలోహెర్ట్జ్ దాటినదంతా పోయినట్టే. పైగా శ్రుతి దించే పద్ధతి ముతకది, నమూనాల మధ్య నునుపు చేయదు. అందుకే హై హ్యాట్ (జంట తాళాల్లాంటి పళ్లేలు) మీద ఇసుక రాసినట్టు గరగర, స్నేర్ చుట్టూ లోహపు రొద చేరతాయి. అప్పట్లో లోపమే. ఇప్పుడు ఆ లోపాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌కు డబ్బిచ్చి మరీ కొంటున్నారు.

యంత్రం వెనుక ఎనిమిది అవుట్‌పుట్‌లుంటాయి. 1, 2లకు కదిలే ఫిల్టర్ (పై స్థాయి ధ్వనిని వడకట్టేది), 3 నుంచి 6 వరకు స్థిరమైన ఫిల్టర్, 7, 8లకు ఏ ఫిల్టరూ లేదు. బేస్‌ను మొదటి రెండింటికి, హై హ్యాట్‌ను చివరి రెండింటికి పంపడం వాడుక. అటూ ఇటూ అయితే బేస్‌లో గరగర పెరుగుతుంది, హై హ్యాట్ దుప్పటి కింద దూరినట్టుంటుంది.

ఏడాది తర్వాత, 1988లో, రోజర్ లిన్ రూపకల్పనలో అకాయ్ ఎంపీసీ60 అనే శాంప్లర్ వచ్చింది. సెకనుకు 40,000 నమూనాలు, సుమారు 13 సెకన్లు, వేళ్లతో వాయించడానికి 16 రబ్బరు ప్యాడ్లు. తేడా మెమరీలో కన్నా చేతిలో ఉంది. ప్యాడ్లు పెద్దవి కాబట్టి బ్రేక్‌ను కిక్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్), స్నేర్, హై హ్యాట్‌లుగా ముక్కలు చేసి కొత్త వరసలో వాయించడం సులువైంది.

ముక్కలు చేసే ఆలోచన మాత్రం అంతకన్నా ముందుది. క్వీన్స్‌బ్రిడ్జ్ నిర్మాత మార్లీ మార్ల్, హనీ డ్రిప్పర్స్ 1973లో చేసిన 'ఇంపీచ్ ద ప్రెసిడెంట్' పాట మొదట్లోని డ్రమ్స్‌లోంచి కిక్‌ను, స్నేర్‌ను విడివిడిగా తీసుకుని, 1986లో ర్యాపర్ ఎంసీ షాన్ కోసం చేసిన 'ద బ్రిడ్జ్'లో తన సొంత వరసలో పేర్చాడు. అంతవరకు డ్రమ్ మెషిన్ అంటే కర్మాగారం ఇచ్చిన కిక్, కర్మాగారం ఇచ్చిన స్నేర్. ఆ రోజు నుంచి ఏ రికార్డులోని డ్రమ్మరైనా మెషిన్‌లో కూర్చోవచ్చు.

లూప్ ఎక్కడ చెడుతుంది

ఒక బార్ కోయడం చెప్పుకున్నంత తేలిక కాదు. మొదలు కిక్ దెబ్బ తాకిడికి సరిగ్గా ముందు ఉండాలి. ఐదారు మిల్లీసెకన్లు ఆలస్యంగా కోస్తే కిక్‌లోని 'టక్' పోయి 'దుమ్' మాత్రం మిగులుతుంది, దరువులో పస ఉండదు. ముందుగా కోస్తే మునుపటి హై హ్యాట్ తోక లోపలికొస్తుంది. ముగింపు పొడుగైతే తర్వాతి బార్ కిక్ ఆరంభం తగిలి, తిరిగిన ప్రతిసారీ ఒకే దెబ్బ రెండుగా వినబడుతుంది. పొట్టిదైతే లూప్ ప్రతి బార్ చివరా తూలి ముందుకు పడుతుంది. తరంగం సున్నా గీతను దాటే చోట కోయకపోతే అతుకు దగ్గర టిక్కుమంటుంది.

1969 డ్రమ్మర్ క్లిక్ విని వాయించలేదు. ఎనిమిది బార్లలో ఏ రెండూ సరిగ్గా ఒకే పొడవుండవు. టర్న్‌టేబుల్ వేగం అర శాతం అటూ ఇటూ అయినా 2.38 సెకన్ల బార్‌లో 12 మిల్లీసెకన్ల తేడా వస్తుంది. బీపీఎం అంకె చూసి పొడవు లెక్కగట్టి కోసినవాడు ఇక్కడే దెబ్బతింటాడు. సరైన దారి చెవితో కోయడం, ఆ కోసిన ముక్క పొడవును బట్టి సీక్వెన్సర్ (దెబ్బల వరసను నడిపే భాగం) వేగం పెట్టడం.

బ్రేక్‌ను ముక్కలు చేసినప్పుడు పోయేది వేరు. స్టబుల్‌ఫీల్డ్ హై హ్యాట్ మీద పదహారో వంతులు నడుపుతూ, 2, 4 బీట్ల మీద గట్టిగా స్నేర్ కొట్టి, ఆ మధ్యలో చెవికి ఆనీ ఆననట్టు చిన్న చిన్న స్నేర్ దెబ్బలు వేస్తాడు. పాకినట్టుండే ఆ నడక అంతా ఆ చిన్న దెబ్బల్లోనే ఉంది. కిక్ ఒక ప్యాడ్ మీద, స్నేర్ ఒక ప్యాడ్ మీద పెట్టుకుంటే అవి రాలిపోతాయి. ఎంపీసీలో స్వింగ్‌ను (దెబ్బలను కాస్త ఆలస్యం చేసే అమరికను) 54 నుంచి 62 శాతం దాకా పెంచితే నడక కొంత వస్తుంది, అదే నడక రాదు. అందుకే చాలామంది అసలు లూప్‌ను తక్కువ స్థాయిలో అడుగున నడిపించి, ముక్కలు చేసిన కిక్, స్నేర్‌లను పైన వేస్తారు. వినైల్ మీద కిక్‌కు అడుగు బలం తక్కువ కాబట్టి రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషిన్ కిక్‌ను కింద జోడించడం కూడా పాత అలవాటే. రెండు కిక్‌ల తరంగాలు ఎదురెదురు దిశల్లో మొదలైతే ఒకదాన్నొకటి మింగేస్తాయి. బలం పెరగాల్సింది తగ్గితే, ఒకదాన్ని కొద్ది మిల్లీసెకన్లు జరిపి చూడాలి.

రెండు రికార్డులు కలిపితే శ్రుతి గొడవ మొదలవుతుంది. ఎస్‌పీ-1200లో వేగం తగ్గిస్తే శ్రుతీ తగ్గుతుంది. 108 బీపీఎం బేస్ వరసను 96కు దించితే శ్రుతి రెండు సెమీటోన్లు పడిపోతుంది. బాకా ముక్క వేరే రికార్డు నుంచి వచ్చి దాని వేగం మారకుండా ఉంటే రెండూ పొసగవు. డ్రమ్‌కు ఈ పట్టింపు లేకపోవడం బ్రేక్‌కు ఇంకో బలం. ఆల్బంలో కోయదలచిన చోట డ్రమ్స్ స్టీరియోలో ఒక పక్కకే పడి ఉంటే మరీ మంచిది. రెండో పక్క ధ్వని తెచ్చే ఆర్‌సీఏ తీగ పీకేస్తే చాలు, గిటారు మాయమవుతుంది.

'ఆమెన్, బ్రదర్' కథ ఈ లెక్కలన్నిటినీ కలిపి చూపిస్తుంది. విన్‌స్టన్స్ బృందం 1969లో వేసిన సింగిల్ వెనుక వైపు పాట అది. గ్రెగరీ కోల్‌మన్ వాయించిన నాలుగు బార్ల బ్రేక్ సుమారు 7 సెకన్లు, వేగం 137 దరిదాపు. ర్యాప్‌కు అది మరీ పరుగు. కానీ 45 సింగిల్‌ను 33⅓లో తిప్పితే వేగం 1.35తో భాగించబడి 101కి వస్తుంది, స్నేర్ బరువెక్కుతుంది. 1988లో ర్యాప్ బృందం ఎన్‌డబ్ల్యూఏ 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్'లో వినబడేది ఇలా మందగించిన ఆమెన్. తర్వాత లండన్ నిర్మాతలు దాన్నే 160 దాటించి జంగిల్ అనే వేగమైన డాన్స్ సంగీతం కట్టారు.

రెండు తాళాలు

1980ల చివరి నాటికి శాంపిళ్లు పొరలు పొరలుగా పేరుస్తున్నారు. ర్యాప్ బృందం పబ్లిక్ ఎనిమీ వెనుకనున్న నిర్మాతల జట్టు బాంబ్ స్క్వాడ్ 1987లో 'రెబెల్ వితౌట్ ఎ పాజ్' కోసం బ్రౌన్ వాద్యబృందం జేబీస్ వారి 'ద గ్రంట్'లోని శాక్సఫోన్ కేకను తీసుకుని, కెటిల్ కూతలా పాట పొడుగునా మోగించింది, కింద 'ఫంకీ డ్రమ్మర్'. అలాంటి పాటకు ఇవాళ అనుమతులు తీసుకోవాలంటే ఒక్కో పొరకు రెండేసి తలుపులు తట్టాలి. రికార్డింగ్ హక్కు సాధారణంగా సంగీత సంస్థది, స్వరరచన హక్కు ప్రచురణకర్తది. ఒకరు సరే అని ఇంకొకరు కాదంటే పని ఆగినట్టే.

1991 డిసెంబరులో న్యూయార్క్ ఫెడరల్ న్యాయమూర్తి కెవిన్ డఫీ, ర్యాపర్ బిజ్ మార్కీ మీద గాయకుడు గిల్బర్ట్ ఓ సలివన్ పాట విషయంలో వచ్చిన కేసులో, దొంగిలించకూడదన్న బైబిల్ ఆజ్ఞతో తీర్పు మొదలుపెట్టి, క్రిమినల్ విచారణకు కూడా సిఫారసు చేశారు. ఆ పాట ఫంక్ కాదు, కానీ దెబ్బ ఫంక్ మీదే ఎక్కువ పడింది, ఎందుకంటే ఎక్కువ కోసింది అందులోంచే. పాటకు పది పన్నెండు శాంపిళ్లు పేర్చే పద్ధతి పెద్ద సంస్థల్లో అక్కడితో ఖర్చుకు తట్టుకోలేనిదైంది. 1992లో నిర్మాత డాక్టర్ డ్రే తన ఆల్బం 'ద క్రానిక్'లో పార్లమెంట్ అనే ఫంక్ బృందం, గాయకుడు లియాన్ హేవుడ్ పాటల వరసలను చాలాచోట్ల స్టూడియో వాద్యగాళ్లతో తిరిగి వాయించుకున్నాడు. తిరిగి వాయిస్తే రికార్డింగ్ హక్కుతో పని లేదు, స్వరరచనకు అనుమతి చాలు. ఆ ఆల్బంలాంటి ర్యాప్‌కు వచ్చిన పేరు జీ-ఫంక్. దాని ధ్వని అంత శుభ్రంగా, బేస్ అంత నిండుగా ఉండటంలో ఈ లెక్కకూ వాటా ఉంది.

పార్లమెంట్ నాయకుడు జార్జ్ క్లింటన్ నడిపిన మరో బృందం ఫంకడెలిక్ పాటల్లో చాలావాటి ప్రచురణ హక్కులు బ్రిడ్జ్‌పోర్ట్ మ్యూజిక్ చేతిలో ఉన్నాయి. ఆ సంస్థ 2001లో సుమారు 800 మంది ప్రతివాదుల మీద దాదాపు 500 ఆరోపణలతో కోర్టుకెక్కింది. అందులో ఒకటి రెండు సెకన్ల గిటారు ముక్క గురించి. ఎన్‌డబ్ల్యూఏ దాని శ్రుతి దించి, పదహారు బీట్లకు సాగదీసి పాటలో ఐదు చోట్ల వాడింది. లైసెన్సు తీసుకో, లేదా శాంపిల్ చేయకు అని ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది, ముక్క ఎంత చిన్నదన్న ప్రశ్నే లేదంది. 2016లో తొమ్మిదో సర్క్యూట్, మడోనా పాటలోని 0.23 సెకన్ల బాకా ముక్క కేసులో దీనికి పూర్తిగా ఎదురు తీర్పిచ్చింది. ఆ వైరుధ్యం మీద సుప్రీంకోర్టు మాట రాలేదు. అంటే ఆరో సర్క్యూట్ పరిధిలోని నాష్‌విల్‌లో తప్పయ్యేది తొమ్మిదో సర్క్యూట్ పరిధిలోని లాస్ ఏంజిల్స్‌లో కాకపోవచ్చు.

క్లింటన్ స్వయంగా 1993లో శాంపిళ్ల కోసమే ఒక సంకలనం వేసి, వాడుకుంటే ఎంత కట్టాలో ధరల పద్ధతి కూడా జతచేశాడు. అందరికీ పనికొచ్చే ఆ దారి విస్తరించలేదు. 1989లో వచ్చిన డీ లా సోల్ ర్యాప్ బృందం తొలి ఆల్బం హక్కుల చిక్కులు తెమిలి స్ట్రీమింగ్‌కు చేరేసరికి 2023 మార్చి అయింది.

డ్రమ్మర్ల ఖాతా వేరే. 'ఫంకీ డ్రమ్మర్' రచయితగా నమోదైంది బ్రౌన్ పేరు. స్టబుల్‌ఫీల్డ్ జీతగాడు, దరువు రచన కిందికి రాలేదు కాబట్టి వేల రికార్డుల్లో మోగినా చట్టప్రకారం ఆయనకు రావలసిందేమీ లేదు. ఆయన 2017లో మరణించాడు. కోల్‌మన్ 2006లో అట్లాంటాలో ఇల్లు లేని స్థితిలో పోయాడు. విన్‌స్టన్స్ నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో అభిమానులు చందాలు పోగుచేసి 24,000 పౌండ్లు ఇచ్చారు, ఆ బ్రేక్‌తో ఆయన చేతికొచ్చిన చెప్పుకోదగ్గ సొమ్ము అదే. ఇంకో మెలిక: ఈ రెండు రికార్డులూ 1972 ఫిబ్రవరి 15కు ముందువి. ఆ తేదీకి ముందరి రికార్డింగులకు అమెరికా ఫెడరల్ కాపీరైట్ లేదు, రాష్ట్రాల చట్టాలే దిక్కు. 2018 చట్టంతో గానీ అవి ఫెడరల్ రక్షణలోకి రాలేదు.

భారతీయ రికార్డులూ ఈ కత్తెర కిందికి వచ్చాయి. 2002లో అమెరికా నిర్మాత డీజే క్విక్, బప్పీ లాహిరి స్వరపరచిన లతా మంగేష్కర్ పాటను ఒక ఆల్బంలో అనుమతి లేకుండా వాడితే, లాహిరి పేరు వేసేదాకా ఆ ఆల్బం అమ్మరాదని లాస్ ఏంజిల్స్ కోర్టు ఆదేశించింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ల్యాప్‌టాప్ మీద పాత తెలుగు సినిమా పాట కోసేవాళ్లకు వర్తించేది 1957 కాపీరైట్ చట్టం. ఒక రికార్డింగును కలుపుకుని మరో రికార్డింగు తయారుచేసే హక్కు సెక్షన్ 14(ఇ) ప్రకారం యజమానిదే. ముక్క ఎంత చిన్నదైతే మినహాయింపో అందులో అంకె లేదు. రికార్డింగు రక్షణ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, కాబట్టి 1960 నాటి రికార్డుకు 2020 చివరితో గడువు తీరింది. అయితే అదే పాట స్వరానికీ సాహిత్యానికీ రక్షణ కర్త మరణించాక 60 ఏళ్ల దాకా నడుస్తుంది. తబలా, ఢోలక్ మాత్రమే ఉన్న రెండు బార్లు కోసుకోవడానికీ, పల్లవి కోసుకోవడానికీ తేడా అక్కడుంది.